ఎవరు ఓడారో చెప్పని అవార్డులు

‘నాటు నాటు’ ఎవరిమీద గెలిచిందో తెలుగునాట చాలామందికి తెలుసు. ఆస్కార్‌కు నామినేటైన ఐదు పాటల్లో లేడీ గాగా, రిహానా పాటలు కూడా ఉన్నాయి. 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ వేదిక ఎక్కినప్పుడు మనం పొంగిపోవడంలో ఆ పేర్ల వాటా తక్కువేం కాదు. 2024 సినిమాలకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో ‘35 చిన్న కథ కాదు’కు నివేదా థామస్ ఉత్తమ నటి అయ్యారు. మరి ఆమె ఎవరిని దాటి వచ్చారు? జ్యూరీలో కూర్చున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

ఆ అవార్డులకు 1,248 దరఖాస్తులు వచ్చాయని అప్పట్లో ప్రకటించారు. వ్యక్తిగత విభాగాల్లోనే 1,172. జయసుధ అధ్యక్షతన జ్యూరీ వాటిని వడపోసింది. 2025 మే 29న విజేతల పేర్లు చదివేశారు, జూన్ 14న హైటెక్స్‌లో సభ జరిగింది. వెయ్యికి పైగా దరఖాస్తుల్లో చివరిదాకా నిలిచినవేమిటో మాత్రం బయటికి రాలేదు.

ఫలితాలతో నాకు పెద్ద పేచీ లేదు. ‘కల్కి’, ‘పుష్ప 2’ల సందడిలోనూ ‘పొట్టేల్’ ద్వితీయ ఉత్తమ చిత్రమైంది, ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’లో శరణ్య ప్రదీప్ జ్యూరీ కంట పడ్డారు. ఇంత ఓపిగ్గా చూసిన జ్యూరీకి తుది జాబితా బయటపెట్టడానికి జంకెందుకు?

జాబితా లేకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నంది అవార్డులు చూపించాయి. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’కి బంగారు నందితో మొదలైన సంప్రదాయం అది. 2017 నవంబరులో మూడేళ్ల అవార్డులు ఒక్కసారిగా ప్రకటించారు. 2014కు ‘లెజెండ్’ ఉత్తమ చిత్రమనగానే దుమారం రేగింది. ‘రుద్రమదేవి’కి ఉత్తమ చిత్రాల్లో చోటెందుకు లేదని దాని దర్శకుడు గుణశేఖర్ బహిరంగంగానే అడిగారు. నాలుగు రోజులు తిరక్కుండానే చర్చ కులం మీదికి, ప్రాంతం మీదికి మళ్లింది. సినిమా నందులు అంతటితో ఆగిపోయాయి. ప్రతి విభాగంలో ఐదు పేర్లు ముందే ప్రకటించి ఉంటే గొడవ జరిగేది కాదని అనను. కనీసం ఆ ఐదు సినిమాల గురించి జరిగేది.

ఆస్కార్లేమీ కడిగిన ముత్యాలు కావు. ప్రచారానికి అక్కడ కుమ్మరించే డబ్బుతో మన దగ్గర చిన్న సినిమాలు బోలెడు తీయొచ్చు. అయినా పద్ధతి ఉంది. నామినేషన్ల దశలో నటుల్ని నటులు, ఎడిటర్లను ఎడిటర్లు ఎంచుతారు. విజేతకు సభ్యులందరూ ఓటేస్తారు. ఒక విభాగంలో పోటీపడుతున్న చిత్రాలన్నీ చూస్తేనే అందులో తుది ఓటు వేయాలని 2025లో నిబంధన పెట్టారు. 2024 జనవరిలో ‘బార్బీ’ దర్శకురాలు గ్రెటా గెర్విగ్‌కు దర్శకత్వ విభాగంలో నామినేషన్ రాలేదని రభస జరిగింది. కానీ ఎదురుగా ఐదు పేర్లున్నాయి. ఎవర్ని తీసేసి ఆమెను పెట్టాలో చెప్పమంటే వాదించేవాడు సినిమాలు చూసి రావాల్సిందే.

ఓడిపోతామని తెలిస్తే మన హీరోలు సభకు రారన్నది పాత సాకు. నామినేషన్లు ముందే ప్రకటించే ఫిల్మ్‌ఫేర్‌కూ సైమాకూ వెళ్లడం లేదా? అసలు భయం ఎంపిక చేసేవాళ్లదని నా అనుమానం. జాబితా ఇస్తే రేపు జవాబూ ఇవ్వాలి.

పెద్ద హీరోకు నామినేషన్ ఒరగబెట్టేదేం లేదు. సౌండ్ డిజైనర్‌కు, కాస్ట్యూమ్ డిజైనర్‌కు, ఒకే ఒక్క సినిమా తీసిన కుర్ర దర్శకుడికి అది తర్వాతి అవకాశం అడగడానికి చేతిలో కాగితం. పైగా ఫలానా సినిమా అవార్డుల్లో లేదంటే జ్యూరీ కాదందా, నిర్మాత దరఖాస్తే పెట్టలేదా అన్నది ఇవాళ ప్రేక్షకుడికి తెలిసే దారి లేదు. దరఖాస్తుల చిట్టా, తుది ఐదు పేర్లు, ఒక్కో విజేతపై జ్యూరీ రాసిన నాలుగు వాక్యాలు సభకు రెండు వారాల ముందు సమాచార శాఖ విడుదల చేస్తే సరిపోతుంది. దీనికి కొత్త కమిటీ అక్కర్లేదు. నందులను మళ్లీ ఇస్తామంటున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదటి ఏడాది నుంచే ఈ పని చేయొచ్చు.