తిథి చెప్పని అతిథి

ఖమ్మము జిల్లాలో అడవుల యంచున కారేపల్లి యను ఊరు గలదు. సింగరేణి మండలమునకు అదియే కేంద్రము. బొగ్గుగనుల వలన దేశమంతట మారుమ్రోగిన సింగరేణి యను పేరు ఈ చోటి పల్లెటూరి పేరే. డోర్నకల్లు నుండి వచ్చు రైలుమార్గము కారేపల్లిలో రెండుగా చీలును. ఒక పాయ ఇల్లెందు వైపునకును, రెండవది కొత్తగూడెము వైపునకును పోవును. కొత్తగూడెములోని స్టేషనుకు భద్రాచలం రోడ్డని పేరు. ఆ పేరు చూచి గమ్యము చేరితిమని మూటలు దింపుకొన్న యాత్రికులకు, రామాలయము ఇంకను 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి యావలి యొడ్డున నున్నదని పిదప తెలియును.

పూర్వము ఈ సంగతి చెప్పుటకు స్టేషను కూలియో, టీ అమ్మువాడో కావలసియుండెను. నేడు చేతిలోని సెల్‌ఫోనే చెప్పుచున్నది. బస్సు ఎప్పుడు గలదో, ఏ లాడ్జిలో గది ఖాళీగా నున్నదో, అద్దె యెంతో, ముందు బసచేసినవారు ఆ గదిని మెచ్చుకొనిరో తిట్టిపోసిరో కూడ అది చూపును. ఇంట కూర్చుండియే గదిని నిశ్చయించుకొని, 2016లో దేశమున ప్రవేశపెట్టబడిన యూపీఐ పద్ధతిలో పైకము చెల్లింపవచ్చును. (తెలుగునాట హోటలన్నంతనే మనసునకు వచ్చునవి ఇడ్లీ, దోసెలు గాని మంచము, పరుపు కావు. పడకకు లాడ్జి యని వేరు మాటను ఏర్పరచుకొంటిమి. ఆకలిని నిద్రను ఇట్లు విడదీయుట ఒకందుకు మంచిదే.)

ఈ మార్పును చూచి, వెనుకటి యాతిథ్యము మంటగలిసిపోయినదని వగచువారు కలరు. వారి మాట పూర్తిగా నమ్మదగినది కాదు. క్రీడాభిరామమను ప్రాచీన కావ్యములో, ఓరుగల్లు చూడవచ్చిన మిత్రులకు పూటకూటింట ఒక్క రూకకే కమ్మని భోజనము లభించినట్లున్నది. చదువువారికి నోరూరును. కాని ఆ తరువాతి కాలమున సయితము పెక్కు సత్రములలోను పూటకూళ్ళ యిండ్లలోను గుమ్మమున వినబడిన మొదటి ప్రశ్న కులమును గూర్చినది. ఆ ప్రశ్నకు నచ్చిన సమాధానము చెప్పలేనివానికి వీధియరుగే గతి. కొన్నిచోట్ల అరుగు కూడ దక్కలేదు. గది యిచ్చు యంత్రము ఆ ప్రశ్న వేయదు. ఈ యొక్క గుణమునకే దానికి చేయెత్తి మ్రొక్కవచ్చును.

తిరుమలలో జరిగినదియు గమనింపదగినది. అచ్చట గదులను ఒకరి పేర పొంది మరొకరికి హెచ్చు ధరకు అప్పగించు దళారుల బెడద చిరకాలముగా నుండెను. 2023 మార్చి 1వ తేదీ నుండి దేవస్థానమువారు ముఖమును గుర్తుపట్టు యంత్రములను ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టిరి. గది తీసుకొన్నవాడెవడో, ధరావతు సొమ్ము తిరిగి పుచ్చుకొనువాడెవడో యంత్రము పోల్చి చూచును. దూరము నుండి వచ్చిన పేద భక్తునకు దక్కవలసిన గది దళారి చేతికి పోకుండ చేయుట కూడ ఆతిథ్యమే.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. దానిని అతిథి యను మాటలోనే చూడవచ్చును. తిథి లేనివాడు అతిథి యని పెద్దలు అర్థము చెప్పిరి. ఏ దినమున వచ్చునో, ఏ వేళకు వచ్చునో తెలుపక వచ్చువాడన్నమాట. అట్టివానిని దైవముగా భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించినది. నేటి సెల్‌ఫోను మొట్టమొదట అడుగునది తిథినే! ఏ తేదీన వత్తువు, ఏ తేదీన పోవుదువు అని రెండు గడులు చూపును. అవి నింపనిదే తరువాతి పుట తెరచుకొనదు. తిథి చెప్పలేనివానికి అందులో తావు లేదు.

ఎవరు వీరు? శ్రీరామనవమికి కల్యాణము చూడవలెనని అడవిపల్లె నుండి నడచివచ్చిన కోయ కుటుంబము కావచ్చును. అక్షరములు రాని ముసలిదంపతులు కావచ్చును. ఆస్పత్రిలో చేర్చిన తమ్ముని కొరకు కట్టుబట్టలతో ఖమ్మమునకు పరుగెత్తివచ్చిన అన్న కావచ్చును. రోగము తేదీ చెప్పి రాదు గదా. లేక, ఫోనులో చార్జింగు అయిపోయిన పట్టభద్రుడే కావచ్చును. అర్ధరాత్రి వీరు లాడ్జి మెట్లెక్కి గది యడుగుదురు. గుమాస్తా వారి ముఖము చూడడు, కంప్యూటరును చూచును. “అన్నియు బుక్కయినవి” అనును. అతడు చెప్పినది అబద్ధము కాదు. పైయంతస్తులో నాలుగు గదులు చీకటిగా, ఇంకను రానివారి పేర ఎదురుచూచుచునే యుండును.

గోదావరి కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారుండిరి. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ యిల్లాలు, ఏరు దాటి వచ్చు బాటసారులకు వేళ యనక కులమనక అన్నము పెట్టెను. 2024లో ఆంధ్రప్రదేశ్ బడులలోని మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరుంచిరి. ప్రతి లాడ్జి యజమానియు సీతమ్మ కావలెననుట అత్యాశ. వానికి అద్దె కావలెను, కరెంటు బిల్లు కట్టవలెను. కాని వేళగాని వేళ వచ్చినవానిని చూచి లేచి నిలబడుట యను చిన్న పని యంత్రము వలన కాదు.

యంత్రముతోనే సమస్తము నడపవలెనని చూచినవారును కలరు. జపాను దేశమున నాగసాకి ప్రాంతములో 2015లో మరమనుషులే పనివారుగా హెన్ నా హోటలను వసతిగృహము తెరచిరి. గదిలో నుంచిన యొక బొమ్మ, నిద్రించువాని గురకను తనతో మాటగా భ్రమించి, “మీరు చెప్పినది అర్థము కాలేదు, మరల చెప్పుడు” అని మాటిమాటికి లేపుచుండెనట! తుదకు 2019 నాటికి అచ్చటి 243 మరమనుషులలో సగమునకు పైగా తొలగించి, ఆ పనులు మరల మనుష్యులకు అప్పగించిరి.

గుర్తింపు కార్డుల మాట కూడ చెప్పవలసియున్నది. వెనుక లాడ్జిలో పెద్ద పుస్తకమొకటి యుండెడిది. వచ్చినవాడు పేరు, ఊరు వ్రాసి సంతకము చేసెడివాడు. నేడు ఆధారు కార్డు ఫొటో గుమాస్తా సొంత ఫోనులోనికి పోవుట కొన్నిచోట్ల కనబడుచున్నది. 2023లో చేయబడిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, ఏ పని కొరకు వివరములు పుచ్చుకొనిరో ఆ పనికే వానిని వాడవలెను. కార్డు చూపునపుడు, ఇది యెచ్చట దాచెదరని అడుగుట మర్యాదకు లోపము కాదు.

ఇక గదుల సంగతి. యాత్రాస్థలములలోను, పెద్ద ఆస్పత్రులున్న పట్టణములలోను, కొన్ని గదులను ఫోనులో చూపక గుమ్మమునకు వచ్చినవారి కొరకు అట్టిపెట్టవలెను. తిరుమలలో ముందుగా నిశ్చయించుకొనని యాత్రికులకును సీఆర్వో కార్యాలయమున గదులు కేటాయించు పద్ధతి యున్నది. ఖాళీగా ఉంచిన గది నష్టము గదా యని లాడ్జి యజమాని యనవచ్చును. రాత్రి యాఖరి బండి పోవువరకు ఉంచి, అప్పటికిని ఎవరును రానిచో ఆ గదిని ఫోనులోనికి విడువవచ్చును. అట్లు గడువు పెట్టుట కంప్యూటరునకు క్షణములో పని. ఆఖరి బండి ఆలస్యమైనచో ఆ సంగతియు అదే ఫోను చెప్పును. గుమాస్తా ఇంకొక గంట దీపము ఆర్పకుండ ఉండవచ్చును.