పరోక్షముగా పలుకు ఓటు

రాష్ట్రపతి ఎన్నిక జరుగు దినమున చేవెళ్ళలోగాని, మొయినాబాదులోగాని పోలింగు కేంద్రము కానరాదు. రైతు యథాప్రకారము పొలమునకు పోవును. కూరగాయల గంపలు నగరపు మార్కెట్టుకు తరలును. ఎవరి వ్రేలికిని సిరా గుర్తు పడదు. ఇది చూచి, ఆ ఎన్నిక ఢిల్లీవారి వ్యవహారమనియు, పల్లెవారికి దానితో పని లేదనియు పెక్కుమంది తలచుచుందురు. ఆ తలపు సరియైనది కాదు. ప్రజాస్వామ్యమునకు క్షేమకరమును కాదు.

మన రాజ్యాంగము ప్రకారము పార్లమెంటునకును, శాసనసభలకును ఎన్నికైన సభ్యులు రాష్ట్రపతిని ఎన్నుకొందురు. మొయినాబాదు మండలము చేవెళ్ళ శాసనసభా నియోజకవర్గములోనిది. ఆ నియోజకవర్గము 2009 ఎన్నికలతో ఏర్పడిన చేవెళ్ళ లోక్‌సభా స్థానములో ఒక భాగము. కావున ఇచటి ఓటరు మాట ఇరువురు ప్రతినిధుల నోట పలుకును. 2022 ఎన్నికలో తెలంగాణ శాసనసభ్యుని ఓటు విలువ 132. పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 700. 1971 జనాభా లెక్కలు ఈ గణనమునకు ఆధారములు. తెలంగాణ శాసనసభ్యులు 119 మంది. వారి ఓట్ల మొత్తము విలువ 15,708.

ఇట్టి పరోక్షపు ఎన్నిక మన దేశమున పుట్టినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మొదటి అధ్యక్షుని ఎన్నిక జరిగినప్పుడు, ప్రతి రాష్ట్రమును కొందరు ఎన్నికదారులను నియమింపవలసి యుండెను. వర్జీనియా వంటి రాష్ట్రములలో వారిని ఓటర్లే ఎన్నుకొనిరి. దక్షిణ కరోలినాలో శాసనసభయే నియమించెను. ఆ పద్ధతి అచట 1860 వరకు సాగెను.

న్యూయార్కు రాష్ట్రము కథ వేరు. అచట శాసనసభకు రెండు సభలు. ఎన్నికదారులను ఏ విధముగా నియమింపవలెనన్న విషయమున ఆ రెండింటికిని పొత్తు కుదరలేదు. ఒక సభ పట్టు రెండవ సభ విడువలేదు. రెండవ సభ మాట మొదటి సభ వినలేదు. గడువు దాటిపోయెను. 1789 ఫిబ్రవరి 4న ఎన్నికదారులు ఓట్లు వేసినప్పుడు న్యూయార్కు ఓటు ఒక్కటియు లేకపోయెను. పది రాష్ట్రములకు చెందిన 69 మంది ఎన్నికదారులును జార్జి వాషింగ్టనుకు ఓటు వేసిరి. ఆయన అదే సంవత్సరము ఏప్రిల్ 30న ప్రమాణస్వీకారము చేసినది మాత్రము న్యూయార్కు నగరములోనే! పెండ్లి తమ యింట జరిగినను పెండ్లి మాటలలో చోటు లేని వారివలె ఆ రాష్ట్రప్రజలు మిగిలిపోయిరి. తప్పు ప్రజలది కాదు. వారు పంపిన ప్రతినిధులది.

అట్లయిన రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకొనరాదా యని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని మన దేశమున పరిపాలనాధికారము లోక్‌సభకు బాధ్యత వహించు మంత్రివర్గము చేతిలో నున్నది. దేశమంతయు నేరుగా ఎన్నుకొన్న రాష్ట్రపతి ఆ మంత్రివర్గమునకు పోటీగా నిలుచు ప్రమాదము కలదు. రాజ్యాంగ నిర్మాతలు ఈ సంగతి ఆలోచించియే పరోక్ష పద్ధతిని చేకొనిరి. పద్ధతిలో లోపము లేదు. ప్రతినిధిని ఎన్నుకొనుటలో అజాగ్రత్త చూపినచో మాత్రము లోపము కలుగును.

ఆ ప్రతినిధిని ఎన్నుకొను హక్కు ఈ ప్రాంతమునకు సులభముగా రాలేదు. 1948 సెప్టెంబరు వరకు ఇది నిజాము పాలనలోని హైదరాబాదు సంస్థానము. వయోజనులందరికిని ఓటు అను మాటయే అచట లేదు. 1952లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో చదువు, ఆస్తి, కులము, స్త్రీపురుష భేదము అడ్డురాకుండ 21 ఏండ్లు నిండినవారు ఓటు వేసిరి. మొయినాబాదు మండలములోని పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి ఆ ఎన్నికలలో శాసనసభ్యుడై, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గమున చేరెను. అదే సంవత్సరము మే నెలలో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో హైదరాబాదు శాసనసభ్యులకు ఓటు హక్కు కలిగెను. నాలుగేండ్ల క్రిందట ఏలికను మార్చు మాటయే ఎరుగని ప్రజ, తన ప్రతినిధుల ద్వారా దేశపు ప్రథమ పౌరుని ఎన్నికలో పాల్గొనెను!

ఒక్క రాష్ట్రపు ఓట్లు ఏపాటివని ఎవరును తేలికగా చూడరాదు. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పోటీపడినప్పుడు రెండవ ప్రాధాన్యపు ఓట్లను కూడ లెక్కింపవలసి వచ్చెను. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చెను. అంతరము 14,650 మాత్రమే. నేటి తెలంగాణ శాసనసభ్యుల ఓట్ల మొత్తము విలువ కంటె అది తక్కువ.

ఈ ఎన్నికలో ఓటు రహస్యము. సభ్యులకు పార్టీ విప్ జారీ చేయుటకు వీలులేదు. కావున అంతిమముగా నిలుచునది ఆ సభ్యుని వివేకము. వివేకవంతుని పంపుట ఓటరు పని. డబ్బు చూచి, కులము చూచి శాసనసభ్యుని ఎన్నుకొన్నవాడు ఆ ఒక్క ఓటునే కాదు, రాష్ట్రపతి ఎన్నికలో తన పాలును కూడ అమ్ముకొన్నవాడగును.

నేడు ఎనిమిదవ తరగతి చదువు పిల్లలు అయిదారేండ్లలో 18 ఏండ్లు నిండి ఓటర్లగుదురు. న్యూయార్కు నాడు మూగవోయిన సంగతి వారు మరువరాదు. పంపిన దూత మంచివాడైననే పంపినవాని మాట గమ్యము చేరును.