వాళ్ల పిల్లలకైతే జబ్బు, మన పిల్లలకైతే నేరం

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మనసు బాగోలేకపోవడానికి కులంతో ఏం పని? డిప్రెషన్ ఎవరికైనా వస్తుంది కదా?" వస్తుంది తమ్ముడూ. ఎవరికి వస్తే డాక్టర్ దగ్గరికి తీసుకుపోతారు, ఎవరికి వస్తే టీసీ చేతిలో పెట్టి పంపిస్తారు అన్నదే నా ప్రశ్న. దానికోసం ఈసారి న్యూయార్క్ దాకా పోవాలి.

1930లలో అక్కడ బాలల కోర్టు ముందుకొచ్చిన పిల్లల్ని మత సంస్థలు నడిపే ఆశ్రమ బడులకు పంపేవాళ్లు. కేథలిక్ పిల్లలు కేథలిక్ సంస్థకు, యూదు పిల్లలు యూదు సంస్థకు. నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ప్రొటెస్టెంట్ సంస్థల్లో చాలావరకు వాళ్లను చేర్చుకునేవి కావు. ఆ సంస్థలు తినేదేమో ప్రజల సొమ్ము! ప్రభువు ఒకడే, బైబిల్ ఒకటే, గేటు మాత్రం మూసే ఉంటుంది. (మన ఊళ్లలో సమాధుల తోటలు కూడా విడిగా ఉన్న క్రైస్తవులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.) తెల్ల పిల్లవాడు బడి ఎగ్గొట్టి దొంగతనం చేస్తే వాడి మనసుకేమైందని చూసేవాళ్లు. అదే పని నల్ల పిల్లవాడు చేస్తే సంస్కరణ జైలే దిక్కు.

అందుకే 1936లో హడ్సన్ నది ఒడ్డున ఈసోపస్‌లో విల్ట్‌విక్ బడి మొదలైంది. 8 నుంచి 12 ఏళ్ల నల్ల మగపిల్లల కోసం ఒక ఎపిస్కోపల్ మిషన్ సంస్థ పెట్టింది. 1942లో ఆ సంస్థ తప్పుకుంది. అప్పుడు బడిని నిలబెట్టినవాళ్లలో ఎలినార్ రూజ్‌వెల్ట్ ఉన్నారు. ఆమె ఏటా ఆ పిల్లల్ని తన ఇంటికి పిక్నిక్‌కి పిలిచేవారు. ఆ ఫొటోలు చూసి మన ఉదారవాదులు కరిగిపోతారు. మరి జేన్ బోలిన్ పేరు ఎంతమందికి తెలుసు? అమెరికాలో జడ్జి అయిన తొలి నల్లజాతి స్త్రీ ఆమె, 1939లో. విల్ట్‌విక్ కోసం ఆమే పనిచేసింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే సంస్థలు రంగు చూసి పిల్లల్ని తోసిపుచ్చకూడదని కొట్లాడింది కూడా ఆమే. పిక్నిక్ దయ. బోలిన్ అడిగింది హక్కు. మనకు కావాల్సింది రెండోది.

బడి పనిచేయలేదని అనను. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ చిన్నప్పుడు ఫొటోలో తన బొమ్మ మీదే ఇంటూ గుర్తులు గీసుకున్నాడు. అంత అసహ్యం, తనంటే తనకే. పదేళ్లప్పుడు విల్ట్‌విక్‌కి పోయాడు, 21 ఏళ్లకు, 1956లో, ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. నాజీల నుంచి తప్పించుకొచ్చిన ఎర్న్‌స్ట్ పాపనెక్, ఫ్రాన్స్‌లో శరణార్థి యూదు పిల్లల వసతి గృహాలు నడిపిన మనిషి, ఇక్కడ డైరెక్టర్‌గా వచ్చాడు. శిక్షలతో పిల్లలు బాగుపడరన్నది ఆయన పట్టుదల. మన వార్డెన్లకు ఈ ఒక్క సంగతైనా ఎక్కితే బాగుండు.

అయితే 1948లో ఈ బడి మీద 'ద క్వయెట్ వన్' అనే సినిమా వచ్చింది. అందులో హార్లెమ్ పిల్లవాడి బాధంతా తల్లి ప్రేమ దొరకని బాధగా కనిపిస్తుంది. జాతి వివక్ష మాట దాదాపు వినపడదు. ఇక్కడే నా పేచీ. గాయం చూపిస్తారు, కత్తిని దాచేస్తారు. నేరమంతా పేద తల్లి మీదికి పోతుంది.

క్లాడ్ బ్రౌన్ తర్వాత పెద్ద రచయిత అయ్యాడు. కానీ విల్ట్‌విక్ నుంచి నేరుగా కాదు. మళ్లీ హార్లెమ్, మళ్లీ అదే వీధి, ఆపైన సంస్కరణ జైలు. బాగుపడ్డ పిల్లలు ఇంటికెళ్లగానే మళ్లీ ఎందుకు చెడుతున్నారని అక్కడ పనిచేసిన సాల్వడార్ మినూచిన్ బృందానికీ అనుమానమొచ్చింది. కుటుంబాన్నే గదిలోకి పిలిచి చికిత్స మొదలుపెట్టారు. 1967లో పుస్తకం వేశారు. మంచిదే. తల్లి గదిలోకి వచ్చింది. ఇంటి ఓనరు, పోలీసు, ఉద్యోగం ఇవ్వనివాడు మాత్రం బయటే ఉండిపోయారు. వాళ్లకు చికిత్స ఎవరు చేయాలి?

ఇప్పుడు ఇంటికొద్దాం. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది: 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. సాంఘిక సంక్షేమ గురుకులానికీ ఇది వర్తిస్తుంది. పీఈటీ సారును కూర్చోబెట్టి "ధైర్యంగా ఉండాలి రా" అనిపిస్తే అది కౌన్సెలింగ్ కాదు. వచ్చిన కౌన్సెలరు "కులం సంగతి వదిలెయ్, నీ ఆలోచన మార్చుకో" అంటే అది చికిత్స కాదు, రెండో దెబ్బ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చదివిన, చదువుతున్న హాస్టల్లో ఆ పోస్టు ఉందా? ఎవరున్నారు, ఏ అర్హతతో ఉన్నారు? లేకపోతే ఆర్టీఐ వేయండి. జవాబు కాపీలు నాకు పంపండి, పిల్లల పేర్లు కొట్టేసి. వచ్చే భాగం వాటి మీదే రాస్తాను.

జై భీమ్.