ఇంజిన్లు రెండున్నా.. అడవి దాటేదాకా భరోసా లేదు

భద్రాచలం: ఖమ్మం సరిహద్దు అడవుల మీదుగా ఎగిరే హెలికాప్టర్‌కు ఒక ఇంజిన్‌ చాలునా, రెండు తప్పనిసరా? గోదావరికి వరద వచ్చినప్పుడల్లా, ప్రముఖుల పర్యటన ఖరారైనప్పుడల్లా ఈ ప్రశ్న ముందుకొస్తోంది. జవాబు కొంతవరకు అడవే చెబుతోంది.

ఉన్న ఒక్క ఇంజిన్‌ ఆగిపోయినంత మాత్రాన హెలికాప్టర్‌ రాయిలా కూలిపోదు. కిందికి దిగుతున్న వేగానికి ఎదురొచ్చే గాలి రెక్కలను తిప్పుతూనే ఉంటుంది. దీన్నే ఆటోరొటేషన్‌ అంటారు. అయితే పైలట్‌కు చేతికందే దూరంలో చదునైన నేల ఉండాలి. ఖమ్మం పొలాల్లో అది దొరకవచ్చు. చర్ల, దుమ్ముగూడెం దాటి ఛత్తీస్‌గఢ్‌ వైపు వెళితే కింద కనిపించేవి చెట్లు, గుట్టలు, వాగులే. ఇక్కడ రెండో ఇంజిన్‌ విలువ కాదనలేనిది.

ఆ రక్షణకూ పరిమితులున్నాయి. మే నెల ఎండలకు గాలి పలుచబడుతుంది. నిండా బరువుతో ఉన్నప్పుడు మిగిలిన ఒక్క ఇంజిన్‌ హెలికాప్టర్‌ను అదే ఎత్తులో నిలపలేకపోవచ్చు. పైగా రెండు ఇంజిన్ల శక్తీ చేరేది ఒకే ప్రధాన గేర్‌బాక్స్‌కు. తోక రెక్క కూడా ఒక్కటే. కొనుగోలు, ఇంధనం, నిర్వహణ ఖర్చులు మాత్రం బాగా పెరుగుతాయి.

రెండు ఇంజిన్లున్నా..

2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్‌ జి.ఎం.సి.బాలయోగిని బలిగొన్న బెల్‌ 206 ఒకే ఇంజిన్‌ది. 2008 ఆగస్టులో హైదరాబాద్‌ నుంచి ఛత్తీస్‌గఢ్‌ బయలుదేరి, అప్పటి ఖమ్మం జిల్లా సరిహద్దు అడవుల్లో అదృశ్యమైన బెల్‌ 430కు మాత్రం రెండు ఇంజిన్లు. దాని శకలాలు బయటపడింది ఆ ఏడాది నవంబర్‌లో. 2009 సెప్టెంబర్‌ 2న నల్లమలలోని పావురాలగుట్టపై ముఖ్యమంత్రి వై.ఎస్‌.రాజశేఖరరెడ్డితో పాటు మరో నలుగురు మృతిచెందిన హెలికాప్టర్‌ కూడా బెల్‌ 430. గేర్‌బాక్స్‌ చమురు ఒత్తిడి సమస్యపై పైలట్లు నిమగ్నమై ఉండగా, ప్రతికూల వాతావరణంలో కిందికి నెట్టే బలమైన గాలులకు హెలికాప్టర్‌ అదుపు తప్పిందని త్యాగి కమిటీ తేల్చింది. రెండో ఇంజిన్‌ ఆపగలిగే ప్రమాదం కాదది.

ఆగడమూ రక్షణే

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. వాతావరణం అనుకూలించకపోవడంతో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ ఏరియల్‌ సర్వే మానుకుని రోడ్డు మార్గాన వచ్చారు. 2024 సెప్టెంబర్‌ 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్‌ వంతెనపై మున్నేరు వరదలో తొమ్మిది మంది చిక్కుకున్నారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్‌ రాలేకపోయింది. చివరకు ఒక జేసీబీ డ్రైవర్‌ వారిని ఒడ్డుకు చేర్చారు. మబ్బు కమ్మినప్పుడు ఇంజిన్ల సంఖ్యతో పనిలేదని ఈ రెండు ఘటనలు చెబుతున్నాయి.

అడవి మీదుగా ప్రయాణానికి రెండు ఇంజిన్లు కోరడం సబబే. కానీ లెక్క అక్కడితో ముగియకూడదు. దారిలోని వాతావరణ సమాచారం, ఎండకు తగినట్లు తగ్గించిన బరువు, కూలినా చిరునామా చెప్పే సంకేత పరికరం, వీటన్నింటికీ మించి ‘ఈ పూట వద్దు’ అని పైలట్‌ అన్నప్పుడు ఎంతటివారైనా తలొగ్గే పద్ధతి కావాలి. వరద ముంపులో మంచెపై ఎదురుచూసే గిరిజనుడికైనా, పర్యటనకొచ్చే మంత్రికైనా ఆ పద్ధతి ఒక్కటే కావాలి.