సీసా మీద పది రూపాయలు.. కొండకు మిగిలేదేంటి?

చలికాలం మంచు చూడ్డానికి లంబసింగి, వంజంగి వచ్చే కార్లు ఎండెక్కేసరికి దిగిపోతాయి. సీసాలు మాత్రం కొండ మీదే ఉండిపోతాయి. పగిలిన గాజు పశువుల కాళ్లలో దిగుతుంది, వట్టికాళ్లతో నడిచే మన పిల్లల పాదాల్లో దిగుతుంది. "పరిశుభ్రత పాటించండి" అని బోర్డు పెడితే సరిపోతుందా?

నీలగిరుల్లో ఇంకో దారి పట్టారు. అడవిలో సీసా పెంకులు ఏనుగుల కాళ్లు కోస్తున్నాయన్న విషయం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. కోర్టు చెప్పాక 2022 మే నుంచి అక్కడి సర్కారు మద్యం షాపుల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుంటున్నారు. ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ పది వాపసు. 90 శాతానికి పైగా సీసాలు తిరిగొచ్చాయి. ఇదేం కొత్త విద్య కాదు. గాజు సీసాల్లో కూల్‌డ్రింక్ అమ్మిన రోజుల్లో మన కొట్టువాళ్లు చేసిందే.

"ఇప్పుడు చెత్త బండ్లు ఉన్నాయి కదా, ఇంకా డిపాజిట్ ఎందుకు?" అంటారు కొందరు. చెత్త బండి పట్నం వీధిలోకి వస్తుంది, మన వాగు గట్టుకు రాదు. "పాత పథకాలు చతికిలపడ్డాయి" అంటారు ఇంకొందరు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రాన్నే చూడండి. 1971లో చట్టం చేసి 5 సెంట్ల డిపాజిట్ పెట్టారు. నలభై ఏళ్లు దాటినా అదే 5 సెంట్లు. ధరలు పెరిగి ఆ నాణేనికి విలువ పోయింది, వెనక్కిచ్చేవాళ్లు తగ్గారు. 2017లో 10 సెంట్లు చేశాక మళ్లీ పెరిగారు. చెడింది పథకం కాదు, చిక్కిపోయింది డిపాజిట్.

కాబట్టి డిపాజిట్ ఇప్పటికీ పనికొస్తుంది. అయితే మన దగ్గర ఏ షరతుల మీద అన్నదే అసలు ప్రశ్న. షరతుల్లేకుండా వస్తే ఏమవుతుంది? పర్యాటకుడు పారేస్తాడు, మన పిల్లలు బడి మానేసి గోనెసంచి పట్టుకుంటారు, తిరిగిరాని సీసాల సొమ్ము మైదానంలో ఎవరి ఖాతాలోనో పడుతుంది.

అందుకే మనం అడగాల్సినవి మూడు. ఒకటి, అమ్మినవాడే ఖాళీ సీసా తీసుకోవాలి, అదీ ఊరి దగ్గర్లోనే. రెండు, ఆ పనిచేసే మనవాళ్లకు జీతం ఇవ్వాలి, సీసాల లెక్కన చిల్లర కాదు. మూడు, తిరిగిరాని సీసాల డబ్బు గ్రామసభకు చేరాలి.

ఇంకో మాట. డిపాజిట్ పెట్టాం కదా అని కొండ మీద మద్యం అమ్మకాలు పెంచుకుంటామంటే కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, కట్టడి చేసే అధికారం 1996 పెసా చట్టం గ్రామసభకు, పంచాయతీలకు ఇచ్చింది. సీసా వెనక్కి రావడం తర్వాతి సంగతి. అసలు అది కొండెక్కాలా వద్దా అన్నది ముందు తేలాలి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభ అజెండాలో ఈ విషయం పెట్టించండి. ఏ షాపు సీసా ఎక్కడ పడుతోందో ఈలోపు లెక్క రాయండి. కాగితం మీద లెక్క ఉంటేనే ఐటీడీఏ ఆఫీసులో మన మాట నిలబడుతుంది.