గాలి చల్లగా... ఇంజిన్ వెచ్చగా!

డిసెంబరు తెల్లవారుజామున హుషారుగా పరుగెత్తే కారు మే నెల మిట్టమధ్యాహ్నం ఫ్లైఓవర్ ఎక్కడానికే ఆపసోపాలు పడుతుంది. పెట్రోలు అదే, డ్రైవరూ అతనే. మరి తేడా ఎక్కడ? గాలిలో!

వేడెక్కితే గాలి పలచబడుతుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల చల్లగాలి ఘనపు మీటరుకు సుమారు 1.22 కిలోలు తూగుతుంది. అదే 45 డిగ్రీల వడగాలైతే 1.11 కిలోలే. అంటే ఇంజిన్ పీల్చే ప్రతి గుక్కలోనూ ఆక్సిజన్ దాదాపు తొమ్మిది శాతం తక్కువన్నమాట. ఆ మేరకు బలమూ తగ్గుతుంది. దానికితోడు ఏసీ భారం. అందుకే కంపెనీలు గాలి గొట్టాన్ని బయటి గాలి అందేలా ముందువైపు అమరుస్తాయి. చప్పుడు బాగుంటుందని కుర్రాళ్లు దాన్ని తీసేసి, ఉత్త ఫిల్టరు పెట్టించుకుంటుంటారు. అప్పుడు ఇంజిన్ పీల్చేది బానెట్ కింది సెగనే!

అలాగని ఇంజిన్ కూడా చల్లగా ఉండాలనుకుంటే పొరపాటే. చాలా కార్లలో కూలెంట్ 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంటేనే ఇంజిన్ సజావుగా పనిచేస్తుంది. అంతకన్నా బాగా చల్లగా ఉంటే పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిల్ చిక్కగా ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. ఆ వేడిని అదుపులో ఉంచేది థర్మోస్టాట్. బండి వేడెక్కుతోందని దాన్ని పీకేయించుకోవడం రోగం వదిలేసి థర్మామీటరు పగలగొట్టడం లాంటిదే. కూలెంట్ కారుతోందా, ఫ్యాన్ తిరుగుతోందా, రేడియేటర్‌లో మట్టి పేరుకుందా... ముందు చూడాల్సింది ఇవి.

ఇక అసలు జాగ్రత్త. దారిలో వేడి ముల్లు ఎర్రగీత దాటినా, ఎర్ర దీపం వెలిగినా ఏసీ కట్టేసి, బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపేయండి. పిల్లల్ని దించి నీడకు పంపండి. కంగారులో రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి. లోపల ఒత్తిడి ఉండటంవల్ల కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులైతే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, సలసల మరిగి మొహం మీదకు చిమ్ముతుంది. ప్రెషర్ కుక్కర్ మూతను ఆవిరి పోకముందే తీయం కదా, ఇదీ అంతే. కనీసం అరగంట ఆగి, పూర్తిగా చల్లారాకే మూత తీసి కూలెంట్ పోయండి. అదీ కుదరకపోతే మెకానిక్‌ను పిలవండి. ఊరికి కాస్త ఆలస్యంగా చేరినా ఫర్వాలేదు!