చక్కెర, కొకైన్ ఒకటి కావు



మీ పత్రిక గత సంచికలో తీపి వ్యసనంపై వచ్చిన వ్యాసం చదివాను. మిఠాయి తిన్నా, కొకైన్ పీల్చినా మెదడులో పెరిగేది డోపమిన్ అనే రసాయనమే కాబట్టి రెండూ ఒకటేనన్న వాదన సరికాదు.

రుచి కొత్తదైనప్పుడు డోపమిన్ బాగా పెరుగుతుంది. అదే రుచి మళ్లీ మళ్లీ తగిలితే ఆ స్పందన తగ్గుతుంది. కడుపు నిండితే హార్మోన్లు కళ్లెం వేస్తాయి. కొకైన్ విషయం వేరు. విడుదలైన డోపమిన్‌ను నాడీకణాలు తిరిగి లోపలికి తీసుకోకుండా అది నేరుగా అడ్డుకుంటుంది. ‘ఇక చాలు’ అని చెప్పే, కడుపు నిండటం లాంటి కొలత దానికి లేదు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త బార్ట్ హోబెల్ బృందం చేసిన ప్రయోగాల్లోనూ, రోజూ గంటల తరబడి పస్తుంచి చక్కెర నీళ్లిచ్చిన ఎలుకలే వ్యసనం లాంటి లక్షణాలు చూపాయి. ఎప్పుడూ అందుబాటులో ఉంచితే అవి అలా మారలేదు.

డోపమిన్‌ను ‘ఆనంద రసాయనం’ అనడమూ పొరపాటే. డోపమిన్ దాదాపు పూర్తిగా పోయిన ఎలుకలు కూడా తీపిని ఆస్వాదించాయని 1989లో శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ బృందం చూపింది. డోపమిన్ నడిపేది తపనను. మత్తులో సుఖం పోయాక కూడా మనిషి దానికోసం ఎందుకు అల్లాడతాడో దీనివల్లే అర్థమవుతుంది.

లడ్డూ ఇష్టపడే పిల్లవాడిని వ్యసనపరుడనడం అన్యాయం. మత్తుకు బానిసైనవాడిని నోరు కట్టుకోలేనివాడనడం అంతకన్నా అన్యాయం. అతనికి కావలసింది చికిత్స. ఇలాంటి వ్యాసాల కింద జాతీయ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 తప్పక ముద్రించాలని మనవి.

— ఒక పాఠకురాలు, ఒంగోలు